ఇరవైల్లో అంత ఏముంది? బెంగళూరు వచ్చిన మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

2007లో ప్రొద్దుటూరు నుంచి ఒక సూట్‌కేసు, ఒక ఆవకాయ జాడీ పట్టుకుని బెంగళూరు వచ్చాను. జాడీ మడివాళలో బస్సు దిగేటప్పుడే పగిలింది. ఇప్పుడు మా ఇల్లు కుందలహళ్ళిలో. ఉద్యోగానికో, కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో ఊరి నుంచి వచ్చిన చుట్టాల పిల్లలు, వాళ్ళ రూమ్మేట్లు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. మొదట్లో అక్కా అనేవాళ్ళు. తర్వాత పిన్నినయ్యాను, అత్తనయ్యాను. ఈ మధ్య ఒకమ్మాయి ఆంటీ అంది. అన్నం తక్కువేమీ పెట్టలేదు గానీ, మొహం గుర్తుపెట్టుకున్నాను.

వాళ్ళు అడిగేవి, వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లో అడిగేవి ఏటా దాదాపు అవే. ఒక్కొక్కరికీ చెప్పేసరికి పప్పు చల్లారిపోతోంది. అందుకని రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్టుని కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బతుకుతున్న మనిషిని, తప్పు ఎక్కడుందో వెతకడం తప్ప వేరే విద్య రాదు. చదివి తెలుసుకున్నది ఏదో, నాకు తోచింది ఏదో తెలిసేలా రాయడానికి ప్రయత్నించాను.

ఏ వయసైనా వయసే కదా, ఇరవైల్లో అంత ప్రత్యేకం ఏముంది?

మా తాత ఎనభై దాటాక చెప్పిన కథలన్నీ పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య జరిగినవే. శనక్కాయల బండి తోలుకుని రాత్రంతా నడిచి మార్కెట్‌కి వెళ్ళడం, మొదటిసారి రైలెక్కి మద్రాసు చూడటం, అన్నతో పోట్లాడి వేరు పడటం. అయిదుగురు పిల్లల్ని పెంచిన నలభైల గురించి అడిగితే మాత్రం "ఆ, గడిచిపోయిందిలే" అనేవాడు. ఇది మా తాత ఒక్కడి సంగతి కాదు. వయసు మళ్ళినవాళ్ళకి పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధించినవాళ్ళు చాలాసార్లు గమనించారు, దానికి రెమినిసెన్స్ బంప్ అని పేరు కూడా పెట్టారు. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే కాబట్టి అంత గట్టిగా గుర్తుంటాయని ఒక వివరణ.

నాకు తోచిన కారణం ఇంకొకటి ఉంది. పద్దెనిమిదేళ్ళ దాకా తిన్నావా, చదివావా, ఇంతసేపు ఎక్కడికెళ్ళావు అని అడిగేవాళ్ళుంటారు. ముప్పై దాటితే మళ్ళీ అడిగేవాళ్ళు తయారవుతారు: కట్టుకున్నవాళ్ళు, పిల్లలు, ఇంటి లోను ఇచ్చిన బ్యాంకు. మధ్యలో ఒక పదేళ్ళు, అందులోనూ ఊరు వదిలి వచ్చినవాళ్ళకి, అడిగే దిక్కు ఉండదు. రాత్రి రెండింటికి పడుకున్నా, మూడు పూటలా బిర్యానీ తిన్నా, నెలాఖరుకి అకౌంట్లో నూట పది రూపాయలున్నా ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళు లేనప్పుడు ఏం చేస్తూ వచ్చామో అదే అలవాటై, తర్వాత వచ్చేవాళ్ళకి "ఆయన అంతే", "ఆమె అంతే" అయిపోతుంది.

ఈ వయసు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

ఎవరి లెక్క వాళ్ళది. మన చట్టం ప్రకారం 18 నిండితే మేజరు. ఓటు కూడా 18కే, కానీ 1989కి ముందు 21 ఏళ్ళు ఉండాల్సి వచ్చేది, 61వ రాజ్యాంగ సవరణతో తగ్గించారు. పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. ఎమ్మెల్యేగానో ఎంపీగానో పోటీ చేయాలంటే 25, రాజ్యసభకైతే 30. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 దాకా యువత అంది. చట్టం కూడా మనిషిని ఒక్కరోజులో పెద్దవాణ్ణి చేయలేక మెట్టు మెట్టుగా ఎక్కిస్తోందన్నమాట.

జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2000లో ఒక వ్యాసం రాసి, 18 నుంచి 25 దాకా ఉన్న కాలాన్ని విడిగా ఒక దశగా చూడాలన్నాడు. చిన్నపిల్లలూ కారు, పూర్తిగా పెద్దవాళ్ళూ కారు, చదువూ ఉద్యోగమూ ప్రేమా అన్నీ వెతుకులాటలో ఉండే దశ అని. తర్వాత దాన్ని 29 దాకా పొడిగించాడు. నాకు ఆ మాట నచ్చింది గానీ ఒక చిక్కుంది. మా అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు పనిచేసిన మేస్త్రీ కుర్రాడు అనంతపురం వైపు వాడు. ఇరవై రెండేళ్ళకే ఒక బిడ్డ తండ్రి, ఊళ్ళో అప్పు తీరుస్తున్నాడు, చెల్లెల్ని చదివిస్తున్నాడు. వెతుకులాటకి తీరికేది వాడికి? ఇరవైల్లో తడబడే అవకాశం దొరకడం కూడా ఒక ఆస్తే. మీకు దొరికిందంటే ఎవరో ఇంకొకరు దానికి డబ్బు కట్టారు, చాలాసార్లు మీ నాన్నే.

మెదడు 25 ఏళ్ళకి గానీ పూర్తిగా ఎదగదంటారు. నిజమేనా?

సగం నిజం. నుదురు వెనక ఉండే భాగం, అంటే ముందువెనకలు ఆలోచించడానికి, కోపాన్ని ఆపుకోవడానికి, ఇవాళ్టి సరదాని రేపటి పని కోసం వాయిదా వేయడానికి పనికొచ్చే భాగం, మిగతావాటికంటే ఆలస్యంగా ముదురుతుంది. ఇరవైల్లో కూడా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఎక్కువ వాడే దారులు గట్టిపడతాయి, వాడనివి సన్నబడతాయి. అంతేగానీ 25వ పుట్టినరోజున కేకు కోయగానే ఎవరో స్విచ్ వేసినట్టు బుద్ధి రాదు. 2025లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు 4,000 మంది మెదడు స్కాన్లు పరిశీలించి, మెదడు అల్లికలో పెద్ద మలుపులు సగటున 9, 32, 66, 83 ఏళ్ళ ప్రాంతంలో కనిపించాయన్నారు. సగటు అన్న మాట గుర్తుపెట్టుకోండి.

మా మేనల్లుడు ఒకడు బైక్ మీద నుంచి రెండోసారి పడ్డాక, "నా మెదడు ఇంకా తయారవలేదత్తా" అన్నాడు. హెల్మెట్ పెట్టుకోవడానికి ఉన్న మెదడు చాలు నాయనా అన్నాను.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా. స్వభావం చిన్నప్పుడే ఖాయమైపోలేదా?

ఈ సామెత నాకు ఇష్టమే. కాకపోతే మొక్క ఎన్నేళ్ళ దాకా మొక్కో మనవాళ్ళు చెప్పలేదు. అయిదేళ్ళకే మాను అయిపోయిందనుకుంటారు.

ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన 92 సమూహాల ఫలితాలు కలిపి చూసిన సమీక్ష ఒకటి 2006లో వచ్చింది. మనిషి తీరులో ఎక్కువ మార్పు చిన్నతనంలోనో టీనేజ్‌లోనో వస్తుందని అనుకుంటాం కదా, అందులో మాత్రం 20కీ 40కీ మధ్యే ఎక్కువగా కనిపించింది. సగటున చూస్తే ఆ ఏళ్ళలో చెప్పిన టైముకి పని చేసే గుణం పెరుగుతుంది, ఊరికే ఉలిక్కిపడి కలత చెందడం తగ్గుతుంది. ఉద్యోగం, కాపురం, బాధ్యత మీద పడటం వల్లేనని కొందరి వాదన. పని చేస్తూ చేస్తూ పనిమంతులవుతారన్నమాట.

కాబట్టి "నేను చిన్నప్పటి నుంచి బద్ధకస్తుణ్ణి" అనే మాట ఇరవై మూడేళ్ళవాడు అంటే నేను ఒప్పుకోను. నలభై మూడేళ్ళవాడు అంటే కాస్త ఆలోచిస్తాను.

పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) గదికి ముగ్గురం. రోజూ ఒకే రంగు సాంబారు. దీనివల్ల కూడా ఏమైనా నేర్చుకుంటామా?

బీటీఎం లేఅవుట్‌లో నాలుగేళ్ళు పీజీలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువే చెప్తాను.

ఇంట్లో మనకి ఒక హోదా ఉంటుంది. పెద్ద కూతురు, ఒక్కగానొక్క కొడుకు, బాగా చదివే పిల్ల. పీజీలో అదేమీ చెల్లదు. ఉదయం ఏడున్నరకి బాత్రూమ్ లైన్లో మీ ఇంటర్ మార్కులు ఎవరికీ అక్కర్లేదు. మీరు ఫ్యాను అయిదు మీద పెడితే పక్క మంచం అమ్మాయికి చలి, ఆమె రాత్రి పన్నెండుకి ఫోన్ మాట్లాడితే మీకు నిద్ర లేదు. దీన్ని అమ్మకి చెప్పి తేల్చుకోలేరు. ఓనర్ ఆంటీకి చెప్తే ఇద్దరికీ చీవాట్లు. మీరే మాట్లాడుకోవాలి.

అక్కడే మనవాళ్ళకి అసలు పరీక్ష. మన తెలుగు ఇళ్ళలో మొహమాటాన్ని మంచి గుణమనుకుని పెంచుతారు. పెట్టినా వద్దనాలి, కావాలన్నా అడక్కూడదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళ సామెత ఒకటుంది, ఇక్కడ రాయలేను, మీకు తెలుసు. నా రూమ్మేట్ ఒకమ్మాయి నా దగ్గర 1,500 రూపాయలు అప్పు తీసుకుంది. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. నాలుగు నెలలు అడగలేదు, మనసులోనే తిట్టుకున్నాను. ఆమె కొత్త చెప్పులు కొన్న రోజు నేను మాట్లాడటం మానేశాను. పాపం, ఆమె నిజంగానే మర్చిపోయింది. అడిగితే అర నిమిషంలో తేలేది నాలుగు నెలల స్నేహాన్ని తినేసింది.

డబ్బు తిరిగి అడగడం, వద్దు అని నవ్వుతూ చెప్పడం, తప్పు చేస్తే ఆ పూటే సారీ చెప్పడం. ఈ మూడూ ఏ కాలేజీలోనూ చెప్పరు. ఆఫీసులో మేనేజర్‌కి "ఇది శుక్రవారానికి అవదు" అని చెప్పగలిగే ధైర్యం నాకు పీజీ బాత్రూమ్ లైన్ నుంచే వచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను.

సాంబారు గురించి చేయగలిగిందేమీ లేదు. ఊరి నుంచి కంది పొడి తెచ్చుకోండి.

మొదటి జీతం పడింది. ఇంటికి ఎంత, నాకు ఎంత?

ఇంటి పరిస్థితిని బట్టి. నాన్న అప్పు చేసి చదివిస్తే ముందు ఆ వడ్డీ ఆపండి. మిగతావాళ్ళు ఎంత పంపినా ఫరవాలేదు, కానీ ప్రతి నెలా అదే తారీఖున పంపండి. అమ్మకి ఆ మొత్తంకంటే ఆ తారీఖు ఎక్కువ.

దాచుకోవడం ఎందుకు ఇప్పుడే అంటారా, ఒక లెక్క చూడండి. ఒకమ్మాయి 23 ఏళ్ళ నుంచి నెలకి 5,000 చొప్పున, అంటే ఏడాదికి 60,000, పదేళ్ళు దాచి ఆపేసింది. ఆ తర్వాత ఒక్క రూపాయి వేయలేదు, ఉన్నదాన్ని కదపలేదు. ఇంకొకబ్బాయి 33కి మొదలుపెట్టి 58 దాకా పాతికేళ్ళు అంతే దాచాడు. ఇద్దరికీ ఏటా 8 శాతం వచ్చిందనుకుందాం. ఆమె వేసింది 6 లక్షలు, 58 ఏళ్ళకి చేతికొచ్చేది సుమారు 59 లక్షల 50 వేలు. అతను వేసింది 15 లక్షలు, వచ్చేది సుమారు 43 లక్షల 90 వేలు. 8 శాతం ప్రతి ఏడాదీ ఎవరూ రాసివ్వరు, ధరలూ పెరుగుతాయి, అది వేరే సంగతి. కానీ ముందు మొదలుపెట్టిన పదేళ్ళు వెనక వచ్చిన పాతికేళ్ళని దాటేసిన తీరు చూడండి.

దీనికి తలకిందులుగా పనిచేసేది క్రెడిట్ కార్డు. ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి తెచ్చారంటే నోరు నొక్కుకుంటాం. కార్డు బిల్లులో మినిమం డ్యూ, అంటే కనీస మొత్తం, మాత్రమే కడితే మిగతాదాని మీద చాలా బ్యాంకులు వేసేది నెలకి మూడు, మూడున్నర రూపాయల వడ్డీయే. ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల. ఏసీ షోరూమ్‌లో తీసుకున్నంత మాత్రాన వడ్డీ వ్యాపారం వడ్డీ వ్యాపారం కాకుండా పోదు.

కంపెనీ మారుతున్నాను. పీఎఫ్ తీసేసుకోనా?

వద్దు. పాత ఖాతాని అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) కింద కొత్త కంపెనీకి మార్పించుకోండి. మీ బేసిక్‌లో మీరు 12 శాతం కడుతుంటే కంపెనీ కూడా అంతే కడుతుంది, కొందరికి కంపెనీ కట్టేదాంట్లో కొంత పెన్షన్ పథకానికి పోతుంది. ఆ పెన్షన్‌కి అర్హత రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. మారినప్పుడల్లా మొత్తం తీసేసుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే ట్యాక్స్ గొడవ కూడా ఉంటుంది. గోవా ట్రిప్‌కి వేరే డబ్బు చూసుకోండి.

ఇంజనీరింగ్ ఇంట్లోవాళ్ళ కోసం చేశాను. ఈ ఉద్యోగం నచ్చట్లేదు. మానేయాలా?

నచ్చనిది పనా, టీమా, మేనేజరా, బెంగళూరు ట్రాఫిక్కా? ముందు అది తేల్చండి. నా దగ్గరికి ఈ ప్రశ్నతో వచ్చినవాళ్ళలో చాలామందికి నచ్చనిది సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్. ఇల్లు మారాక ఉద్యోగం బాగానే ఉందన్నారు.

నిజంగా పనే నచ్చకపోతే మారడానికి ఇరవైలు మంచి కాలమే, ఎందుకంటే మీమీద ఆధారపడినవాళ్ళు తక్కువ, జీతం తగ్గినా పెద్దగా కిందపడరు. విశ్వేశ్వరయ్యగారి సంగతి చూడండి. వాళ్ళ పూర్వీకులది గిద్దలూరు వైపున్న మోక్షగుండం, ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో. చదువుకోవడానికి బెంగళూరు వచ్చి, ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ చేశారు. బీఏ అండీ, ఇంజనీరింగ్ కాదు. ఆ తర్వాతే పుణె వెళ్ళి ఇంజనీరింగ్ చదివి, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకి బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరారు. కృష్ణరాజసాగర్ డ్యామ్ ఆయన తలలో పుట్టుకతోనే ఉందనుకోను.

మానేసే ముందు రెండు పనులు చేయండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. వెళ్ళాలనుకున్న పనిని మూడు నెలల పాటు శని, ఆదివారాలు చేసి చూడండి. వంట ఛానెల్ పెడతానని వెళ్ళిన ఒక కుర్రాడికి మూడో వారానికే తెలిసింది, తనకి తినడం ఇష్టం, గిన్నెలు తోమడం కాదని.

కన్నడ నేర్చుకోవాలా? తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌తో గడిచిపోతోంది కదా?

మారతహళ్ళిలో తెలుగుతోనే పుట్టి పోయేదాకా గడిపేయొచ్చు. కానీ నేర్చుకోండి. వచ్చి ఉంటున్న ఊరి భాష నేర్చుకోవడం మర్యాద అన్నది ఒక కారణం. రెండోది, కొత్త భాషలో తప్పులు మాట్లాడుతూ నలుగురిలో నవ్వులపాలై, ఆ మర్నాడు మళ్ళీ మాట్లాడటం వల్ల వచ్చే మొండితనం ఇంకెక్కడా రాదు.

మనకి సగం వచ్చేసినట్టే కూడా. రెండు లిపులూ ఒకే పాత తెలుగు కన్నడ లిపి నుంచి విడిపోయినవి. మన పకారం వాళ్ళకి చాలా మాటల్లో హకారమైంది: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. మారతహళ్ళి, కుందలహళ్ళి, బొమ్మనహళ్ళి చివర ఉన్న హళ్ళి మన పల్లే. ఇది తెలిసిన రోజు నాకు ఊరంతా కొత్తగా కనిపించింది. "కన్నడ గొత్తిల్ల" (కన్నడ రాదు) దగ్గర ఆగిపోకుండా "ఊట ఆయ్తా?" దాకా వెళ్ళండి. భోంచేశారా అని అడిగితే ఏ ఓనరైనా కాస్త మెత్తబడతాడు.

కాలేజీ స్నేహితులందరూ చెల్లాచెదురయ్యారు. కొత్తవాళ్ళు దగ్గరవడం లేదు. ఎందుకు?

గంటలు సరిపోక. 2018లో జెఫ్రీ హాల్ అనే అమెరికా ప్రొఫెసర్ ఒక పరిశోధనలో లెక్క కట్టాడు. పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ప్రాణ స్నేహితుడు కావడానికి 200 గంటలు దాటాలి. ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు అంతగా కలిసిరావట.

ఇప్పుడు మన లెక్క. పీజీలో రూమ్మేట్‌తో రోజుకి నాలుగు గంటలు గడిపితే 50 రోజుల్లో 200 గంటలు. నా వయసులో, ఆఫీసు, పాప హోంవర్కు పోగా ఒక స్నేహితురాలితో నెలకి రెండు గంటలు దొరుకుతాయి. ఎనిమిదేళ్ళు దాటుతుంది. అందుకే ఇరవైల్లో దొరికిన మనుషుల్ని చిన్న చిన్న అలకలకి వదులుకోకండి. ఆ 1,500 రూపాయల అమ్మాయి ఇప్పుడు మైసూరులో ఉంది. మా పాప పేరు పెట్టింది ఆమే.

సంబంధాలు చూస్తున్నారు. నేను సిద్ధంగా లేను, లేదా వేరే ఒకరున్నారు. ఏం చేయను?

రెండిట్లో ఏదైతే అది ఇంట్లో చెప్పండి. "ఇంకో ఏడాది ఆగండి" అని అయిదేళ్ళు లాగినవాళ్ళని చూశాను. అవతలివాళ్ళకి అంతకంటే అన్యాయం లేదు. ఎరిక్ ఎరిక్సన్ అనే సైకాలజిస్టు మనిషి జీవితాన్ని దశలుగా విడదీస్తూ, నేనెవరో కాస్త తేలాకే ఇంకొకరికి నిజంగా దగ్గరవగలం అన్నాడు. మన ఇళ్ళలో చాలామందికి అది తిరగేసి జరిగింది, పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. కొందరికి కుదిరింది. కులాలో మతాలో వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇంతకంటే ఈ విషయంలో నేను చెప్తే మీ అమ్మలు నాకు ఫోన్ చేస్తారు.

నిద్ర, తిండి, వ్యాయామం?

పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. వారానికి 150 నిమిషాలైనా చెమట పట్టేలా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎముకల గట్టిదనం దాదాపు ముప్పై ఏళ్ళ లోపే గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. మన అమ్మాయిలు టిఫిన్ మానేసి కాఫీతో సరిపెట్టడం చూస్తే నాకు ఈ ఎముకల సంగతే గుర్తొస్తుంది. ఇక్కడితో ఆపేస్తాను, ఇది మీకు తెలియనిదేమీ కాదు.

ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేకపోతున్నాను.

2009 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. అమెరికాలో బ్యాంకులు కూలిన తర్వాతి చలికాలం అది. కంపెనీ పేరు ఎందుకులెండి, ఒక శుక్రవారం పిలిచి కాగితం చేతిలో పెట్టారు. నేను ఇంట్లో చెప్పలేదు. రోజూ ఉదయం ఆఫీసు బట్టలు వేసుకుని, డబ్బా కట్టుకుని, కబ్బన్ పార్కులోని ఎర్ర బిల్డింగ్‌కి, అంటే స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. పీజీలో వాళ్ళకి కూడా తెలియదు. ఏడు వారాలు. మొదట్లో చదివాను, తర్వాత చదువుతున్నట్టు కూర్చున్నాను. ఆకలి తెలిసేది కాదు, రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు నాన్న ఫోన్ చేసి, "ఆఫీసులో ఏం వండారమ్మా ఇవాళ" అన్నాడు. క్యాంటీన్ మెనూ కల్పించి చెప్పలేక ఏడ్చేశాను. మొత్తం విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రేపటి నుంచి లైబ్రరీకి టిఫిన్ తిని వెళ్ళు. నెల నెలా మూడు వేలు పంపుతా, రాసి పెట్టుకో, తర్వాత ఇద్దువు" అన్నాడు. అయిదో నెలలో వేరే చోట ఉద్యోగం దొరికింది. ఆ ఏడు వారాల్లో నన్ను తినేసింది ఉద్యోగం పోవడం కాదు, ఎవరికీ తెలియదన్న విషయం. చెప్పండి. ఇంట్లో కాకపోతే అన్నకి, పిన్నికి, ఎవరో ఒకరికి.

దిగులు తగ్గట్లేదు. ఇది మామూలు టెన్షనా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందా?

రెండు వారాలకి మించి నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే చూపించుకోండి. ఈ వయసులో ఇవి రావడం వింతేమీ కాదు. జీవితంలో మానసిక సమస్య వచ్చినవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మందికి అది 24 ఏళ్ళ లోపే మొదలైందని 2005లో వెలువడిన అమెరికా సర్వే ఒకటి చెప్పింది.

14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. పగలైనా రాత్రైనా పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులో ఉన్నవాళ్ళకి హోసూరు రోడ్డు మీద మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉండనే ఉంది. అక్కడికి వెళ్ళడానికి జంకేవాళ్ళ కోసం బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రెండు వారాలు లెక్కపెట్టకండి. ఇప్పుడే ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, ఫోన్ చేయండి.

(ఇది నాన్నల ప్రశ్న) వాడు ఫోన్ ఎత్తడం లేదమ్మా. ఏం చేయాలి?

రోజుకి అయిదుసార్లు చేయకండి. ఆదివారం, బుధవారం ఒక టైము పెట్టుకోండి. తిన్నావా అని అడగండి, తప్పు లేదు, కానీ అక్కడ ఆగకండి. వాళ్ళ ఆఫీసులో నిజంగా ఏం పని చేస్తారో అడగండి, అర్థం కాకపోయినా వినండి. లొకేషన్ పెట్టమని మాత్రం అడగొద్దు. ఇరవై మూడేళ్ళకి మీకు మేనత్త కూతురితో పెళ్ళి చేసి పొలం అప్పజెప్పారు, అప్పుడు మీ నాన్నకి మీ లొకేషన్ తెలుసా?

నాకు ముప్పై నాలుగు. ఇరవైలు ఊరికే పోయాయి. ఇక అంతేనా?

పైన రాసినవి చూసి కంగారు పడేవాళ్ళు మీరే అని తెలుసు. మళ్ళీ చదవండి. మనిషి తీరు మారుతుందన్న సమీక్ష 20 నుంచి 40 దాకా అంది. దాచుకోవడం 33కి మొదలుపెట్టిన అబ్బాయికి వచ్చింది దాదాపు 44 లక్షలు, సున్నా కాదు. స్నేహానికి ఎనిమిదేళ్ళు పడుతుందన్నాను, అయితే నలభై రెండుకి ఉంటుంది. ఇరవైల్లో తేలిగ్గా అయ్యేవి ముప్పైల్లో కాస్త ఖరీదవుతాయి, అంతే. టైము చీటీ రాసుకుని దొరికించుకోవాలి, ఇంట్లో ఇంకొకరిని ఒప్పించాలి.

నేను కన్నడ అక్షరాలు నేర్చుకుంది ముప్పై ఆరులో, మా పాప ఒకటో తరగతి పుస్తకంలో, దానితోపాటే. అది నన్ను దాటిపోయి చాలా కాలమైంది. మొన్న కుందలహళ్ళి గేటు దగ్గర 335ఈ బస్సు బోర్డు మీద కాడుగోడి అని నేనే చదువుకుని, ఎవరినీ అడక్కుండా ఎక్కాను. సీటు దొరకలేదు.